ఆ ఒక్క గజం: సియాటిల్ అభిమానుల కోపంలో లెక్క ఎంత, బాధ ఎంత

2015 ఫిబ్రవరి 1న అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, 49వ సూపర్ బౌల్, ముగియడానికి 26 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు బంతి సియాటిల్ సీహాక్స్ చేతిలో ఉంది, గోల్ గీతకు ఒకే ఒక్క గజం దూరం ఉంది, ఆ గజం దాటడానికి మూడు అవకాశాలు ఉన్నాయి. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28, సీహాక్స్ 24. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ పక్కన మార్షాన్ లించ్ నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇద్దరు ముగ్గురు వేలాడుతున్నా ముందుకు ఈడ్చుకుపోయే ఆటగాడిగా ఆ రోజుల్లో అతనికి పేరు. బంతి అతనికి వెళ్లలేదు. విల్సన్ దాన్ని కుడివైపు నుంచి మధ్యలోకి దూసుకొస్తున్న రికార్డో లాకెట్‌కు విసిరాడు. 2014లో జరిగిన కొత్త ఆటగాళ్ల ఎంపికలో ముప్పై రెండు జట్లలో ఏ ఒక్కటీ తీసుకోని మాల్కం బట్లర్ అనే కుర్రాడు లాకెట్ కన్నా ఒక అడుగు ముందు అక్కడికి చేరి బంతిని పట్టేశాడు. గడియారంలో 20 సెకన్లు కనిపిస్తున్నాయి. నోటి దాకా వచ్చిన ముద్ద నేలపాలైంది.

సూపర్ బౌల్ చరిత్రలోనే ఇంతకన్నా చెత్త నిర్ణయం లేదని ఆ రాత్రే తీర్పు వెలువడింది. టీవీలో వ్యాఖ్యానం చేస్తున్న క్రిస్ కాలిన్స్‌వర్త్ అలాంటి చోట పాస్ వేయడాన్ని తాను నమ్మలేకపోతున్నానని అక్కడికక్కడే అనేశాడు. గట్టు మీద నిలబడి చూస్తున్న సియాటిల్ ఆటగాడు రిచర్డ్ షెర్మన్ ముఖంలో ఉత్సాహం ఒక్క లిప్తలో కుప్పకూలడాన్ని కెమెరా పట్టుకుంది. అభిమానుల నోట ఆ రాత్రి నుంచి ఒకటే ప్రశ్న: లించ్‌కు ఎందుకు ఇవ్వలేదు? వినడానికి ఇది ఒక ప్రశ్న లాగే ఉంటుంది కాని ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకుపోయి ఉన్నాయి. పాస్ వేయాలనుకోవడం తప్పా? ఆ ప్రత్యేకమైన పాస్ వేయడం తప్పా? అసలు ఆ జట్టు ఆ క్షణంలో తనను తాను మరిచిపోయిందా? ఒక్కోదానికి జవాబు ఒక్కోలా ఉంది. వాదన ఇన్నేళ్లుగా తెగకపోవడానికి కారణం, అడిగేవాళ్లు ఒక ప్రశ్న అడుగుతుంటే జవాబు చెప్పేవాళ్లు మరో ప్రశ్నకు చెబుతూ ఉండటమే.

అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటు లేని పాఠకులకు ఇక్కడ కావలసిన నియమాలు కొన్నే. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. గోల్ గీత దగ్గరికి వచ్చేశాక పది గజాలు ఉండవు కనుక మిగిలిన డౌన్లలో గీత దాటాలి. దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. బంతిని కర్రల మధ్యకు తన్ని తెచ్చుకునే ఫీల్డ్ గోల్‌కు మూడే వస్తాయి కనుక, నాలుగు పాయింట్లు వెనకబడ్డ సియాటిల్‌కు అది పనికిరాదు. ఇక అసలు సంగతి గడియారం. బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాణ్ణి మైదానం లోపల పడగొడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతిని ఎవరూ పట్టుకోక నేలపడితే గడియారం ఆగుతుంది. ఆపడానికి మరో దారి టైమౌట్. అర్ధభాగానికి ఒక్కో జట్టుకు మూడు ఇస్తారు. సియాటిల్ దగ్గర అప్పటికి మిగిలింది ఒక్కటే.

ఇప్పుడు ఆ 26 సెకన్లను చేతిలోకి తీసుకుని చూద్దాం. రెండో డౌన్‌లో లించ్ పరిగెత్తాడు, గీత ముందే ఆగిపోయాడు అనుకుందాం. గడియారం ఆగదు కనుక సియాటిల్ తన ఏకైక టైమౌట్‌ను అక్కడే ఖర్చు పెట్టాలి. మూడో డౌన్‌లో మళ్లీ పరిగెత్తి మళ్లీ ఆగిపోతే, ఒకరి మీద ఒకరు గుట్టగా పడ్డ మనుషులు లేచి, బారులు తీరి, నాలుగో డౌన్ మొదలయ్యేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మూడు అవకాశాలనూ నిశ్చింతగా వాడుకోవాలంటే వాటిలో ఒకటి పాస్ కావలసిందే, ఎందుకంటే అది తప్పితే గడియారం దానంతటదే ఆగుతుంది. పాస్ ఉండాలా వద్దా అన్నది కాదు, ఎప్పుడు ఉండాలన్నదే అక్కడ తేలవలసిన విషయం. టైమౌట్ అయిపోయాక మూడో డౌన్‌లో వేస్తే, అది పాసేనని ఎదుటి జట్టు ముందే పసిగడుతుంది. రెండో డౌన్‌లో అయితే అందరి కళ్లూ లించ్ మీదే ఉంటాయి. తప్పిపోయినా పోయేది ఒక డౌన్, ఆరు సెకన్లు; మిగిలిన రెండు డౌన్లూ లించ్‌కే ఇవ్వవచ్చు, మధ్యలో టైమౌట్ వాడుకోవచ్చు. ముఖ్య కోచ్ పీట్ కారోల్ ఆట ముగిశాక ఇచ్చిన వివరణ కూడా దాదాపు ఇదే: ఎదుటివాళ్లు గోల్ గీత దగ్గర పరుగును అడ్డుకునే బరువైన మనుషులను దింపారు, తమ వైపు పాస్‌లు పట్టుకునే రిసీవర్లు ముగ్గురు ఉన్నారు, అందుకని ఆ ఒక్క డౌన్‌ను పాస్‌కు ఖర్చు పెట్టామన్నాడు.

మరి ఎదుటివాళ్లు బంతిని పట్టేసుకునే ప్రమాదం మాటేమిటి? ఆ సీజన్‌లో అప్పటివరకు లీగ్ మొత్తం మీద ఒక గజం గీత నుంచి వందకు పైగా పాస్‌లు వేశారు. వాటిలో ఒక్కటి కూడా ఎదుటి జట్టు చేతిలో పడలేదు. పడింది ఈ ఒక్కటే. లించ్‌కు ఇచ్చి ఉంటే కళ్లు మూసుకుని టచ్‌డౌన్ అన్నది అభిమానుల గట్టి నమ్మకం. కాని అదే సీజన్‌లో ఒక గజం దూరం నుంచి లించ్ అయిదు సార్లు పరిగెత్తితే ఒక్కసారే గీత దాటాడు. అయిదు అన్నది చిన్న సంఖ్యే, దాని మీద పెద్ద మేడ కట్టకూడదు. అయినా కళ్లు మూసుకునేంత ధీమాకు మాత్రం అది ఆధారం ఇవ్వదు. అంతకు ముందు డౌన్‌లో, అయిదు గజాల నుంచి పరిగెత్తిన లించ్‌ను గీతకు గజం దూరంలో పేట్రియట్స్ ఆటగాడు డాంటా హైటవర్ పడగొట్టాడన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదటి ప్రశ్నకు సంబంధించినంత వరకు, పాస్ వేయాలన్న ఆలోచన సమర్థించుకోదగ్గదే అని నా అభిప్రాయం.

ఆ ఆలోచన మీద ఇంత ద్వేషం ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే మైదానం అవతలి పక్కకు వెళ్లాలి. లించ్ కింద పడ్డప్పటి నుంచి తర్వాతి డౌన్ మొదలయ్యే దాకా గడియారం ఒక నిమిషం నుంచి 26 సెకన్లకు కరిగిపోయింది. పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచెక్ దగ్గర టైమౌట్లు ఉన్నాయి, అతను వాడలేదు. సియాటిల్ గీత దాటి ఉంటే, ఆ కరిగిపోయిన సెకన్లే పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి మళ్లీ దాడి చేయడానికి అక్కరకు వచ్చేవి. అంటే బెలిచెక్ తన జట్టుకున్న ఆఖరి ఆశను తన చేతులతోనే ఆర్పేసుకుంటున్నాడు. లాకెట్ ఆ బంతిని పట్టుకుని ఉంటే, పేట్రియట్స్ అభిమానుల ఊరు బోస్టన్‌లో మర్నాడు పొద్దున్నుంచి అందరూ ఎవరిని తిట్టేవారో ఊహించడం కష్టం కాదు. బట్లర్ పట్టుకున్నాడు కనుక ఆ మౌనం మహా వ్యూహంగా చరిత్రకెక్కింది.

ఒకే నిర్ణయానికి, అదే సమాచారంతో, ఫలితాన్ని బట్టి వేరు వేరు మార్కులు వేసే ఈ అలవాటును 1988లో జొనాథన్ బారన్, జాన్ హెర్షీ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. వాళ్లు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి శస్త్రచికిత్సకు సంబంధించింది: వైద్యుడి ముందున్న వివరాలు అవే, తీసుకున్న నిర్ణయమూ అదే, కొందరికి రోగి బతికాడని చెప్పారు, కొందరికి చనిపోయాడని చెప్పారు. చనిపోయాడని విన్నవాళ్లు వైద్యుడి ఆలోచననే తప్పు పట్టారు. పేకాటలో చెయ్యి తిరిగినవాళ్లకు ఇది పాత పాఠమే. సరిగ్గా ఆడి ఓడిపోవచ్చు, తప్పుగా ఆడి గెలవవచ్చు. ఒక్క ఆటను బట్టి ఆటగాణ్ణి అంచనా వేసేవాడు ఎక్కువ రోజులు డబ్బు నిలుపుకోలేడు.

మన క్రికెట్ అభిమానులు ఇదే నాణేనికి రెండో వైపు చూసినవాళ్లు. 2007 సెప్టెంబర్ 24న జొహానెస్‌బర్గ్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్‌లో పాకిస్తాన్‌కు 13 పరుగులు కావాలి, ఒకే వికెట్ ఉంది; ధోనీ బంతిని హర్భజన్‌కు కాక జోగీందర్ శర్మకు ఇచ్చాడు. ఒక వైడ్, ఒక సిక్సర్ పోయాక నాలుగు బంతుల్లో ఆరు పరుగులకు దిగివచ్చిన చోట మిస్బా వెనక్కి తిప్పి కొట్టిన బంతి షార్ట్ ఫైన్ లెగ్‌లో శ్రీశాంత్ చేతుల్లో పడింది. అది రెండు గజాలు అటో ఇటో పడి ఉంటే, ఈ రోజు మనం కెప్టెన్ చల్లని బుర్ర అని చెప్పుకుంటున్న నిర్ణయానికి ఏ పేరు పెట్టేవాళ్లమో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

అమెరికాలోనే ఇంకా దగ్గరి పోలిక ఉంది, అదీ ఒక గజం గీత మీదే. 2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో 52వ సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ మొదటి అర్ధభాగం చివర నాలుగో డౌన్‌లో, గీతకు గజం దూరంలో, సులువుగా వచ్చే మూడు పాయింట్లను వదులుకున్నారు. బంతి ముగ్గురి చేతులు మారి, చివరకు ట్రే బర్టన్ దాన్ని క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌కే విసిరాడు. విసరవలసినవాడే గోల్ గీత అవతల ఒంటరిగా నిలబడి పట్టుకున్నాడు. ఈగల్స్ 41-33తో గెలిచారు. ఫిలడెల్ఫియా పోలీసులు జనం ఎక్కకుండా దీపస్తంభాలకు హైడ్రాలిక్ నూనె పూయించినా ఆ రాత్రి జనం ఎక్కనే ఎక్కారు. ఫోల్స్, కోచ్ డగ్ పీడర్సన్ ఆ ఎత్తు గురించి మాట్లాడుకుంటున్న భంగిమలో స్టేడియం బయట విగ్రహం కూడా వెలిసింది. కాగితం మీద చూస్తే సియాటిల్ పాస్ కన్నా ఇది ఎన్నో రెట్లు సాహసం. ఒకదానికి విగ్రహం, ఒకదానికి శాపనార్థం. అన్నట్టు, ఆ ఫైనల్‌లో ఓడిపోయింది పేట్రియట్సే. అందులో మాల్కం బట్లర్‌ను బెలిచెక్ డిఫెన్స్‌లో ఒక్క డౌన్‌కూ దింపలేదు. ఎందుకని న్యూ ఇంగ్లండ్ అభిమానులు తమ వంతు ప్రశ్న మొదలుపెట్టారు.

ఇంతవరకు చదివి, అభిమానులది ఉత్త అజ్ఞానమని తేల్చేస్తే అది వాళ్లకు చేసే అన్యాయం. రెండో ప్రశ్న దగ్గర వాళ్ల వాదనకు బలం ఉంది. వందకు పైగా పాస్‌లలో ఒక్కటీ పోలేదన్న లెక్క అన్ని రకాల పాస్‌లనూ ఒకే గాటన కట్టేస్తుంది. మూలకు ఎత్తుగా వేసే పాస్ తప్పితే బయటకు పోతుంది. పక్కకు పరిగెడుతూ, సందు దొరికితే తానే దూరిపోయే ఆట విల్సన్ కాళ్లకు బాగా అలవాటు. సియాటిల్ ఎంచుకున్నది అవి కావు. జనం కిక్కిరిసిన మధ్యభాగంలోకి, అదీ జట్టులో ముందు వరుస రిసీవర్ కాని ఆటగాడికి, సూటిగా విసిరే పాస్ ఎంచుకుంది. అది పని చేయాలంటే ముందు నిలబడ్డ మరో రిసీవర్ జర్మెయిన్ కర్స్ తన ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టి, వెనక నుంచి వచ్చే లాకెట్‌కు దారి ఇవ్వాలి. కర్స్ ఎదురుగా ఉన్నవాడు బ్రాండన్ బ్రౌనర్. అతను 2013 దాకా ఇదే సియాటిల్‌కు ఆడి, ఈ ఎత్తులు రోజూ సాధనలో చూసినవాడు. బ్రౌనర్ కర్స్ ఛాతీ మీద రెండు చేతులూ వేసి కదలనివ్వలేదు. వెనక ఉన్న బట్లర్ ఆ వారం సాధనలో ఇదే ఎత్తుకు దొరికిపోయి, ఆలస్యంగా కదిలినందుకు చీవాట్లు తిన్నాడు. రిసీవర్లు ఒకరి వెనక ఒకరు నిలబడటం చూడగానే గుర్తుపట్టాడు, ఈసారి ఆలస్యం చేయలేదు. కనుక పాస్ అన్న ఆలోచన సబబే అయినా, ఆ పాస్, ఆ మనుషుల ఎదుట, ఆ చోట, ఉన్నవాటిలో మంచి ఎంపిక కాదని చెప్పే అభిమానిని కాదనడం కష్టం. కారోల్ తర్వాత ఒక టీవీ ఇంటర్వ్యూలో దాన్ని చెత్త నిర్ణయమని ఒప్పుకోలేదు, ఒక నిర్ణయానికి వచ్చిన అతి చెత్త ఫలితం అన్నాడు. మాట నేర్పుగా ఉంది కాని అది మొదటి ప్రశ్నకే జవాబు.

మూడో ప్రశ్న అంకెలకు లొంగేది కాదు. సియాటిల్‌లో అభిమానులను పన్నెండో ఆటగాడిగా లెక్కిస్తారు. మైదానంలో ఉండేది పదకొండు మందే కనుక, 12వ నంబర్ చొక్కాను జట్టు 1984లోనే అభిమానుల పేరిట పక్కన పెట్టేసింది. 2011 జనవరి 8న, సీజన్‌లో గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువగా ఉన్న ఆ జట్టు, అంతకు ముందు ఏడాది ఛాంపియన్లయిన న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద ఆడుతున్నప్పుడు లించ్ 67 గజాలు పరిగెత్తాడు; పడగొట్టడానికి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ విదిలించుకుంటూ గీత దాటాడు. స్టేడియంలో జనం గెంతిన గెంతులకు దగ్గరలోని భూకంప నమోదు యంత్రం సూది కదిలింది. లించ్‌కు ఇష్టమైన స్కిటిల్స్ మిఠాయిలు మైదానంలోకి విసరడం అభిమానులకు ఆచారమైంది. పత్రికలవాళ్లతో మాట్లాడడు, జరిమానా తప్పించుకోవడానికే కూర్చున్నానని ముఖం మీదే చెబుతాడు, బంతి ఇస్తే మాత్రం మనుషులను గుద్దుకుంటూ పోతాడు. తెలివికన్నా మొండితనాన్ని నమ్ముకున్న జట్టుగా తమను తాము చూసుకున్న ఊరికి అతనే ముఖం. అలాంటివాణ్ణి పక్కన నిలబెట్టుకుని, ఆఖరి గజం దగ్గర తెలివి చూపించబోయి ఓడిపోవడం వాళ్లకు లెక్క తప్పినట్టు అనిపించలేదు, మాట తప్పినట్టు అనిపించింది. లించ్ ఓడిపోయి ఉంటే ఏడ్చేవారు, కోపం మాత్రం ఇంతకాలం నిలిచేది కాదని నా అనుమానం. లించ్ గెలిపించి మహావీరుడు కావడం కోచ్‌లకు ఇష్టం లేదన్న పుకారు పుట్టింది కూడా ఈ గాయం నుంచే. దానికి రుజువు ఏదీ లేదు. నమ్మినవాళ్లకు రుజువుతో పని పడలేదు.

ఇక్కడ 1976లో రాబర్ట్ చాల్దీనీ, అతని సహచరులు ప్రచురించిన ఒక పరిశీలన ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం తరగతులకు తమ విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థుల సంఖ్య పెరుగుతోందని వాళ్లు గమనించారు. ఆట గురించి అడిగినప్పుడు గెలిచిన ఆటకు "మేం గెలిచాం" అన్న ధోరణి, ఓడిన ఆటకు "వాళ్లు ఓడిపోయారు" అన్న ధోరణి కనిపించింది. తెలుగులో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఎదుటి మనిషిని కలుపుకునే "మనం", అతన్ని బయట ఉంచే "మేము" మనకు వేరువేరుగా ఉన్నాయి. సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకోవడానికి రెండు రోజుల ముందు సీహాక్స్ 43-8తో డెన్వర్‌ను చిత్తు చేసి తమ మొదటి సూపర్ బౌల్ గెలుచుకుంది. ఆ వారం "మనం గెలిచాం" అనడానికి ఎవరికీ వీసా, పచ్చకార్డు అడ్డురావు. మరుసటి ఏటి ఓటమిలో మాత్రం కర్త మారిపోయింది: సీహాక్స్ ఓడిపోలేదు, కారోల్ ఓడగొట్టాడు. తప్పంతా ఒక మనిషి మీద, ఒక పాస్ మీద వేయగలిగితే జట్టుతో "మనం" తెంచుకోనక్కర్లేదు. లించ్ ప్రశ్న అభిమానులకు ఈ విధంగా పనికొచ్చింది.

బాధ లోతు ఓటమి మీద కన్నా, ఓడతామని అనుకోకపోవడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. దీని చీకటి పక్కను డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే అర్థశాస్త్రవేత్తలు 2011లో లెక్కగట్టారు: గెలుస్తుందని గట్టిగా అనుకున్న ఊరి జట్టు ఓడిన ఆదివారాల్లో, మగవాళ్లు ఇంట్లో భార్యల మీద, స్నేహితురాళ్ల మీద చేసిన హింస గురించిన పోలీసు ఫిర్యాదులు సుమారు 10 శాతం పెరిగాయి, ఓడవచ్చని ముందే అనుకున్న ఆటల్లో ఓడినప్పుడు అలా జరగలేదు. వాళ్లు చూసినవి మామూలు సీజన్ ఆటలు. సియాటిల్ విషయంలో ఆశ ఎంత ఎత్తుకు పోయిందో చూస్తే చాలు: నాలుగో పాదం మొదలయ్యేసరికి 24-14 ఆధిక్యం, ఆపై బ్రేడీ రెండు టచ్‌డౌన్లతో అది పోవడం, మళ్లీ చివరి రెండు నిమిషాల్లో కర్స్ వెల్లకిలా పడి, కాళ్లకూ చేతులకూ తగిలి ఎగురుతున్న బంతిని పట్టుకుని 33 గజాలు తెచ్చిపెట్టడం. ఆ బంతిని అడ్డుకోబోయి చేతితో తాకి, ఆ తర్వాత కర్స్‌ను మైదానం బయటకు నెట్టిన ఆటగాడు కూడా బట్లరే. దేవుడు మన పక్షాన ఉన్నాడని అనిపించాక వచ్చిన దెబ్బ అది.

కారోల్ 2024 జనవరి దాకా సియాటిల్ కోచ్‌గా ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్లలో జట్టును మళ్లీ సూపర్ బౌల్‌కు తీసుకెళ్లలేకపోయాడు. దాంతో ఆ గజం ఏటేటా పెద్దదవుతూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, బట్లర్ బంతి పట్టుకున్నప్పుడు ఆట నిజానికి ముగియలేదు. అతను సొంత గోల్ గీతకు గజం దూరంలోనే పడ్డాడు. మోకాలి మీద కూర్చుని సమయం గడిపేద్దామంటే వెనక చోటు లేదు; సొంత గీత అవతల దొరికిపోతే రెండు పాయింట్లు పోతాయి, పైగా బంతిని మళ్లీ సియాటిల్‌కే తన్ని ఇవ్వాలి. అప్పుడు స్కోరు 28-26, సియాటిల్‌కు ఒక ఫీల్డ్ గోల్ చాలు. వాళ్ల టైమౌట్ కూడా ఇంకా చేతిలోనే ఉంది. బ్రేడీ బంతి అందుకోక ముందే సియాటిల్ డిఫెన్స్‌లో మైకెల్ బెనెట్ తొందరపడి బంతి ఉన్న వరుస దాటి ముందుకు దూకాడు. అంపైర్లు జెండా విసిరి పేట్రియట్స్‌కు అయిదు గజాలు ఇచ్చారు, వాళ్లకు కూర్చోవడానికి చోటు దొరికింది. ఒక గజం కథ చెప్పేవాళ్లలో ఈ అయిదు గజాల ఊసెత్తేవాళ్లు చాలా తక్కువ.